మూడు ముసలి పడవలు, ఒక మేనల్లుడు

కర్లపాలెం సెంటర్లో నిలబడితే సముద్రం కనపడదు. ఒక పక్క బాపట్ల, దాని అవతల సూర్యలంక. ఇంకో పక్క నిజాంపట్నం రేవు. మధ్యలో మాకున్నవి వరి, వేరుశనగ, మురుగు కాలవలు. అందుకే ఇక్కడివాళ్లకు పడవల మీద అభిప్రాయాలు ఎక్కువ, అనుభవం తక్కువ. హ్యూస్టన్ వెళ్లి స్థిరపడినా ఈ లక్షణం పోదని మా మేనల్లుడు రుజువు చేశాడు. ఉద్యోగం చాలించి, భార్యాభర్తలిద్దరూ తెరచాప పడవలో కరీబియన్ దీవులు, కుదిరితే అట్లాంటిక్ దాటి ఐరోపా చూసి రావాలని వాడి సంకల్పం. కొత్త పడవ కొనే స్తోమత లేదు. 1970ల్లో, 80ల్లో కట్టినవి మూడు చూసిపెట్టుకున్నాడు. "మావయ్యా, మూడింట్లో ఏది మంచిదో చెప్పు" అన్నాడు.

నన్నెందుకు అడిగాడంటే, నిజాంపట్నంలో మరబోట్ల ఇంజన్ సామాన్ల కొట్లో చాలాకాలం లెక్కలు రాశాను. పడవ నడపడం నాకు రాదు. పడవ యజమానులు దేనికి ఏడుస్తారో మాత్రం బిల్లుల వారీగా తెలుసు. మిగతాది చదివి తెలుసుకున్నదే. సముద్రం మీద పుస్తకాలు చదవడానికి తడవాల్సిన పని లేదు.

నిజాంపట్నంలో పాత బోటు కొనేవాడు ఏం చేస్తాడో ముందు చెబుతాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. బోట్లు గట్టెక్కేది, మరమ్మతులయ్యేది, రంగులు పడేది అప్పుడే. చేతులు మారడానికీ అదే అదను. నీళ్లలో తేలుతున్న బోటును చూసి బయానా ఇచ్చేవాడు బుద్ధిమంతుడు కాడు. అడుగు కనపడాలి. చెక్క బోటైతే నీటిగీత కింద అక్కడక్కడా స్క్రూడ్రైవరుతో పొడిచి చూస్తారు. చెక్కను తొలిచే సముద్రపు పురుగు పైకి సూది బెజ్జమంత కన్నమే పెడుతుంది, లోపల మాత్రం వేలు పట్టే సొరంగం తవ్వుతుంది. ఫైబర్ బోటైతే అతుకుల దగ్గర, ఇంజన్ కూర్చున్న దిమ్మ చుట్టూ పగుళ్ల కోసం వెతుకుతారు. ఆ తరవాత సరంగును పక్కకి పిలిచి టీ ఇప్పిస్తారు. యజమాని చెప్పింది వింటారు, సరంగు చెప్పింది నమ్ముతారు. ఇదంతా అయ్యాక గానీ బోటు ఎవరు కట్టారు, ఎక్కడ కట్టారన్న మాట రాదు.

తెరచాప పడవల బజారు దీన్ని సరిగ్గా తిరగేసింది. అక్కడ ముందు పేరు, తరవాత పడవ. ఏ నమూనా, ఎవరు గీశారు, ఏ మహానుభావుడు దాని మీద లోకం చుట్టాడు అన్నదానితోనే కొనేవాడి మనసు సగం ఖాయమైపోతుంది. మిగతా సగాన్ని ఫొటోలు ఖాయం చేస్తాయి. మా వాడి మూడు పడవలకూ ఇలాంటి పేరుప్రతిష్ఠలున్నాయి. వాటిని కొట్టిపారెయ్యను. అసలు ఆ కీర్తి ఎక్కడిదో చూస్తే దాని విలువ ఎంతో కూడా తెలుస్తుంది.

మొదటిది 1976లో కట్టిన వెస్ట్‌సెయిల్ 32. దీని వంశం పెద్దది. నార్వేలో పందొమ్మిదో శతాబ్దం చివర కోలిన్ ఆర్చర్ అనే ఆయన తుపానులో జాలరులను కాపాడ్డానికి పోయే పడవలు గీశాడు. ముందూ వెనకా రెండు కొసలూ మొనదేలి ఉండేవి. 1920ల్లో అమెరికాలో విలియం ఆట్కిన్ వాటిని కుదించి 32 అడుగుల 'ఎరిక్' నమూనా తయారుచేశాడు. ఆ ఎరిక్ నమూనా మీదే మన బొంబాయిలో, మన టేకుతో, రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అనే ఇంగ్లీషు వ్యాపార నౌకా అధికారి 'సుహైలీ'ని కట్టించుకున్నాడు. 1964లో అది నీళ్లలోకి దిగింది. 1968 జూన్ 14న దాని మీద ఒంటరిగా ఇంగ్లండు నుంచి బయల్దేరి, ఎక్కడా ఆగకుండా లోకం చుట్టి 312 రోజులకు, 1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చాడు. అంతకుముందు ఆ పని చేసినవాళ్లు లేరు. ఆ యాత్ర గోల్డెన్ గ్లోబ్ అనే పోటీలో భాగం. అందులో బయల్దేరింది తొమ్మిది మంది, ముగించింది ఆయనొక్కడే. అదే ఎరిక్‌ను 1970ల్లో కాలిఫోర్నియాలో ఫైబర్‌తో పోత పోస్తే వెస్ట్‌సెయిల్ 32 అయింది.

దీనికి ఇంకో కథ ఉంది. 1991 అక్టోబరు చివర అమెరికా ఈశాన్య తీరాన్ని ఊపేసిన తుపానులో 'సటోరీ' అనే వెస్ట్‌సెయిల్ 32 చిక్కుకుంది. అందులోని ముగ్గురినీ కోస్ట్‌గార్డు వాళ్లు తీసుకుపోయారు. మనుషుల్లేని పడవ తన దారిన తాను కొట్టుకుపోయి, తరవాత మేరీలాండ్ తీరంలో ఇసుక మీద పెద్ద దెబ్బల్లేకుండా దొరికింది. మనుషులకన్నా పడవే గట్టిదని చెప్పడానికి అమ్మేవాళ్లు ఈ కథను వాడతారు. కథ నిజమే. మా వాడు కొనబోయేది సటోరీని కాదు.

రెండోది 1983 నాటి తయానా 37. గీసింది రాబర్ట్ పెర్రీ, కట్టింది తైవాన్‌లోని తా యాంగ్ యార్డు. ఆ రోజుల్లో తైవాన్‌లో కూలీ చవక, టేకు చవక. లోపల అల్మరాలు, తలుపులు, చెక్కడాలు చూస్తే చెట్టినాడు ఇల్లు గుర్తొస్తుంది. డెక్కు మీద కూడా టేకు పలకలే. మా వాడి భార్యకు ఇదే నచ్చింది. నచ్చకపోతే ఆశ్చర్యపోవాలి.

మూడోది 1979 నాటి వాలియంట్ 40. ఇదీ పెర్రీ గీసిందే. దూరప్రయాణపు పడవ అంటే బరువుగా, నిదానంగా ఉండాలన్న నమ్మకాన్ని మార్చింది ఇదే. పైకి పాతకాలపు మొనదేలిన వెనకభాగం, నీళ్ల కింద మాత్రం పొట్టి కీల్, వెనక విడిగా చుక్కాని. కీల్ అంటే పడవ అడుగున దిగి సీసమో ఇనుమో మోసే బరువు భాగం. అది పొడుగ్గా ఉంటే పడవ దారి తప్పకుండా పోతుంది, పొట్టిగా ఉంటే వేగంగా పోతుంది, చప్పున తిరుగుతుంది. ఏది మంచిదన్న వాదం యాభై ఏళ్లుగా తెగలేదు. తెగితే పడవల పత్రికలు మూతపడతాయి.

మా వాడు సాఫ్ట్‌వేరువాడు గనక లెక్కలతో మొదలుపెట్టాడు. 1979లో ఇంగ్లండులో ఫాస్ట్‌నెట్ అనే పందెం మీద తుపాను విరుచుకుపడి 15 మంది పందెగాళ్లు పోయారు. ఆ తరవాత అమెరికాలో ఒక చిన్న సూత్రం తయారుచేశారు. పడవ వెడల్పును, దాని బరువు నుంచి వచ్చే ఘనమూలంతో భాగిస్తే వచ్చే అంకె రెండుకు తక్కువుంటే పల్టీ కొట్టే ప్రమాదం తక్కువని లెక్క. వాడి మూడు పడవలకూ వేశాం. వెస్ట్‌సెయిల్‌కు సుమారు 1.63, తయానాకూ 1.63, వాలియంట్‌కు 1.75. మూడూ ఫస్టు క్లాసులో పాసు. అంటే సూత్రం మనకు ఏమీ చెప్పలేదన్నమాట. అది సరదాకి నడిపే తేలిక పడవల్ని పక్కన పెట్టడానికి పనికొస్తుంది. దూరం పోయేందుకే పుట్టిన మూడు బరువు పడవల్లో ఒకదాన్ని ఎంచడానికి కాదు.

వేగం లెక్కా అంతే. బరువు పడవ వేగాన్ని నీటిగీత పొడవే చాలావరకు నిర్ణయిస్తుంది. వెస్ట్‌సెయిల్ గట్టిగా పోతే ఏడు నాట్లు, వాలియంట్ ఎనిమిదికి దగ్గర. రోజుల తరబడి సగటున మాత్రం వెస్ట్‌సెయిల్ అయిదు, వాలియంట్ ఆరు అనుకుందాం. కెనరీ దీవుల నుంచి బార్బడోస్ సుమారు 2,700 నాటికల్ మైళ్లు. ఒకదానికి ఇరవై రెండు రోజులకు పైన, ఇంకోదానికి పంతొమ్మిది. ఆ తేడా రోజుల్ని మిగుల్చుకుని బార్బడోస్‌లో ఏం చేస్తావురా అంటే వాడు జవాబు చెప్పలేదు. ముందే ఉద్యోగం మానేసినవాడికి తొందర దేనికో నాకూ తెలీదు.

పేరు ఎంతవరకు నమ్మాలో చూపించే మంచి పరీక్ష ఒకటి ఈమధ్యే జరిగింది. నాక్స్-జాన్‌స్టన్ యాత్రకు యాభై ఏళ్లయిన సందర్భంగా 2018లో గోల్డెన్ గ్లోబ్ పోటీని మళ్లీ పెట్టారు. 1988కి ముందు గీసిన, 32 నుంచి 36 అడుగుల మధ్య ఉన్న, పొడుగు కీల్ పడవలే రావాలని షరతు. దారి చూపే ఆధునిక యంత్రాలు వాడకూడదు. ఒక రకంగా ఇది పాత పడవలు కొనుక్కున్నవాళ్ల పోటీ. మొదటి మూడు స్థానాలూ రస్ట్‌లర్ 36 అనే ఇంగ్లీషు పడవలవే. ఆ ఫలితం చూసి రస్ట్‌లర్ కొందామని పరిగెత్తేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. అదే పోటీలో సూసీ గుడాల్ నడిపింది కూడా రస్ట్‌లర్ 36. దక్షిణ పసిఫిక్‌లో అలకు ముందుకు పల్టీ కొట్టి దాని తెరచాప స్తంభం ఊడిపోయింది. సరుకుల ఓడ వచ్చి ఆమెను ఎక్కించుకుపోయింది. నెగ్గిన జాఁ-ల్యూక్ వాన్ డెన్ హీడ్ పడవా ఒరిగింది, స్తంభం దెబ్బతింది. సముద్రం మీదే బాగుచేసుకుని వచ్చాడు.

అప్పటికి మన నౌకాదళ అధికారి అయిన అభిలాష్ టామీ గోవాలో కట్టిన సుహైలీ నకలు 'తురియా' మీద 2018 పోటీకి వెళ్లాడు. హిందూ మహాసముద్రంలో స్తంభాలు విరిగి, నడుముకు దెబ్బ తగిలి, ఫ్రెంచివాళ్లు కాపాడితే బయటపడ్డాడు. 2022 పోటీకి రస్ట్‌లర్ 36 మీద మళ్లీ వెళ్లి రెండో స్థానంలో వచ్చాడు. ఆ ఏడు నెగ్గింది దక్షిణాఫ్రికా మనిషి కిర్స్టెన్ నాయిషేఫర్. ఆమెది కేప్ జార్జ్ 36. అదీ ఆట్కిన్ గీతల్లోంచి వచ్చిందే. ఇంకో పడవ కథ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపిస్తుంది. ఫిన్లండ్‌వాడు టాపియో లెహ్తినెన్ పడవ పేరు 'ఆస్తేరియా', గాయా 36 రకం. 2018 పోటీలో దాని అడుగంతా గుల్లలు పట్టి నత్తనడకన 322 రోజులకు చేరింది. చేరడం మాత్రం చేరింది. 2022లో అదే మనిషి, అదే పడవ. నవంబరులో ఆఫ్రికాకు దక్షిణాన వెనక నుంచి నీళ్లు వచ్చి నిమిషాల మీద మునిగిపోయింది. తెప్ప మీద ఉన్న ఆయన్ను కిర్స్టెన్ దారి మళ్లించుకొచ్చి కాపాడింది.

నమూనా ఒకటే అయితే ఫలితం ఒకటే కావాలని లేదు. అంతెందుకు, పడవ ఒకటే అయినా ఫలితం ఒకటి కాలేదు. నేను మా వాడికి చెప్పదల్చింది ఇదే. మూడు నమూనాలూ సముద్రానికి తగినవేనని ఎప్పుడో తేలిపోయింది, ఆ ప్రశ్న వదిలెయ్. ఈ మూడు పడవల్లో దేని లోపాలు నీ కంటికి కనపడతాయి, దేనివి కనపడవు, అది చూడు.

"కొత్తదైతే ఈ గొడవే ఉండదు కదా" అన్నాడు వాడు. ఉంటుంది. మన నౌకాదళం 'తరిణి'ని గోవాలో కట్టించి 2017 ఫిబ్రవరిలో చేర్చుకుంది. 56 అడుగుల పడవ, డచ్చివాళ్లు గీసిన టోంగా 56 నమూనా. ఆ సెప్టెంబరులోనే ఆరుగురు మహిళా అధికారులు దాని మీద లోకం చుట్టడానికి బయల్దేరారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. కొత్త పడవ, వెనక మొత్తం నౌకాదళం. అయినా చివరి అంకంలో చుక్కాని తిప్పే యంత్రాంగం మొరాయించి మారిషస్‌లో ఆగాల్సొచ్చింది. బాగుచేసుకుని 2018 మే 21న గోవా చేరారు. వాళ్లకు చుక్కాని చెడితే నౌకాదళం ఉంది. మా వాడికి చెడితే వాడి భార్య ఉంది. ఆవిడ అప్పుడు ఏమంటుందో నేను ఊహించగలను.

ఇక అసలు పరీక్ష. పాత ఫైబర్ పడవలో ఫైబర్ దాదాపు చావదు. దానికి అంటించిన, బిగించిన, దాని మధ్యలో ఇరికించిన వస్తువులే చస్తాయి. అందులో మొదటిది డెక్కు. చాలా పడవల డెక్కు రెండు పలచటి ఫైబర్ పొరలు, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడో. ఆ మధ్య పొర వల్లే డెక్కు తేలిగ్గా, బిర్రుగా ఉంటుంది. పైన బిగించే ప్రతి మరకూ ఒక కన్నం. నలభై ఏళ్లలో ఆ కన్నాల చుట్టూ వేసిన లప్పం ఎండి, నీళ్లు దిగి, లోపలి చెక్క మగ్గిపోతుంది. పైకి ఏమీ కనపడదు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు ప్లాస్టిక్ సుత్తితో డెక్కంతా కొట్టుకుంటూ పోవాలి. ఠంగుమంటే బాగున్నట్టు, డబ్‌మని చచ్చు చప్పుడొస్తే లోపల మగ్గినట్టు. ఇప్పుడు తయానా సంగతి ఆలోచించండి. అందమైన ఆ టేకు పలకలన్నిటినీ డెక్కుకు మరలతో బిగించారు. ఒకటి రెండు కాదు, వందలకు వందల మరలు. ప్రతి మరా లోపలి పొరలోకి దిగిన కన్నమే. టేకు అరిగి, మరల తలలు బయటపడి ఉంటే ఆ డెక్కు ఆయుష్షు చివరికొచ్చినట్టు. పలకలు పీకి, కన్నాలు పూడ్చి, మగ్గిన చెక్క తీసి కొత్తది పెట్టి, పైన ఫైబర్ పరవాలి. యార్డుకిస్తే ఆ ఒక్క పనికే పడవ ధరలో పెద్ద భాగం పోతుంది. సొంతంగా చేసుకుంటే భార్యాభర్తల మధ్య మాటలు పోతాయి.

డెక్కు తడి సంగతి తెలుసుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. వాన పడుతుండగా వెళ్లి లోపల కూచోవాలి. పరుపులు ఎత్తి చూడాలి, అల్మరాల వెనక చెయ్యి పెట్టి తడమాలి, కిటికీల కింద చెక్క మీద నల్ల మరకలు వెతకాలి. అమ్మేవాళ్లు ఎండరోజే రమ్మంటారు. పడవ అడుగున నీళ్లు చేరే గుంటకు కొత్తగా రంగేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎవరికీ కనపడని చోట రంగు వేసేవాడికి ఏదో కారణం ఉంటుంది.

రెండోది ఉక్కు. స్తంభాన్ని నిలబెట్టేది చుట్టూ లాగి కట్టిన స్టెయిన్‌లెస్ తీగలు. ఆ తీగల్ని పడవకు పట్టి ఉంచేవి ఉక్కు పట్టీలు. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని మన వంటింటి నమ్మకం. గాలి తగిలినంతసేపే అది నిజం. ఆక్సిజన్ అందని చోట, తడిసిన చెక్కలోనో డెక్కు కన్నంలోనో ఇరుక్కున్న స్టెయిన్‌లెస్ లోలోపల పగుళ్లు తీస్తుంది. పైకి కనపడే భాగం తళతళలాడుతూనే ఉంటుంది, ఒకరోజు పుటుక్కుమంటుంది. దాంతో తీగ, తీగతో స్తంభం. అందుకే పది పదిహేనేళ్లు దాటిన తీగల్ని మార్చమని ఇన్సూరెన్సువాళ్లు పట్టుబడతారు. చాలామంది తీగలు మారుస్తారు, పట్టీలు మార్చరు, ఎందుకంటే వాటిని పీకాలంటే ఇంటీరియర్ విప్పాలి. కొన్ని పేరున్న పడవల్లో ఆ పట్టీల్ని ఫైబర్ లోపలే పెట్టి పోత పోసేశారు. విప్పి చూడ్డానికి కూడా లేదు. ఈ విషయంలో వెస్ట్‌సెయిల్ నాకు నచ్చింది. దాని పట్టీలు పడవ ఒంటికి బయట, బోల్టులతో, లోకానికంతా కనపడేట్టు ఉంటాయి. అందం తక్కువే. చూసుకోవచ్చు, విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాని రోగం వేరేచోట ఉంది. ముందుకు పొడుచుకొచ్చిన లావాటి దూలం, వెనక పొడుచుకొచ్చిన ఇంకో దూలం చెక్కవి. తీగల లాగుడంతా వాటి మీదే. బోల్టుల చుట్టూ అవి కుళ్లితే పైన స్తంభానికి దిక్కులేదు. అయితే ఆ రెండు దూలాలకూ స్క్రూడ్రైవరు చాలు. నిజాంపట్నం పద్ధతే.

మూడోది పొక్కులు. ఏళ్లతరబడి నీళ్లలో ఉన్న ఫైబర్‌లోకి నీరు కొంచెం కొంచెంగా ఇంకుతుంది. లోపల సరిగా కలవకుండా మిగిలిన రసాయనాలతో కలిసి ఆమ్లంలా తయారై, పై పూతను ఉబ్బిస్తుంది. పొడిస్తే పుల్లటి వాసనతో నీరు కారుతుంది. చాలా పడవల్లో ఇది చర్మరోగం, ప్రాణం తీసేది కాదు. దీన్ని చూసి కంగారుపడేవాళ్ల దగ్గర ధర తగ్గించుకోవచ్చు కూడా. వాలియంట్ సంగతి మాత్రం వేరు. 1976 నుంచి 1981 దాకా కట్టినవాటికి మంటలంటుకోని గుణమున్న రెసిన్ వాడారు. ఉద్దేశం మంచిదే. ఆ పడవలకు మంటలు అంటుకోలేదు, పొక్కులు మాత్రం విపరీతంగా పట్టాయి. నీళ్ల కిందే కాక పైనా వచ్చాయి. చెక్కేసి మళ్లీ పూత వేసినా కొన్నిటికి తిరిగొచ్చాయి. 1981 తరవాతి వాలియంట్లకు ఈ బాధ లేదు, అందుకే వాటి ధర వేరు, వీటి ధర వేరు. మా వాడు చూసింది 1979ది. "ఒకసారి చెక్కి బాగుచేశారట మావయ్యా" అన్నాడు. ఎప్పుడు, ఎవరు, ఎంత లోతు, బిల్లేది అని అడగమన్నాను. కొట్లో లెక్కలు రాసినవాడికి బిల్లు లేని మరమ్మతు మరమ్మతు కాదు.

ఇంజన్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది పడవలో తేలిగ్గా మార్చగలిగే వస్తువు. ఖరీదైనదే, అయినా మార్చగలిగేది. వెస్ట్‌సెయిల్లో, తయానాలో పెర్కిన్స్ 4-108 ఉంది. సుమారు యాభై గుర్రాల డీజిల్, ఎక్కడపడితే అక్కడ విడిభాగాలు దొరికే మొండి జాతి. నూనె కారుస్తుంది. నూనె కారకపోతే లోపల నూనె లేదేమో చూసుకోవాలని దాని యజమానులే జోకేస్తారు. చల్లటి ఇంజన్ ఎదురుగా స్టార్ట్ చేయించాలి. మనం వెళ్లేసరికే వేడిగా ఉంటే, ఇప్పుడే తిప్పి చూశామని చెబితే, టీ తాగొచ్చి చల్లారాక మళ్లీ చూడాలి. మన బోట్లలో లేలాండ్ ఇంజన్ ఎందుకు నడుస్తుందో పెర్కిన్స్ కూడా అందుకే నడుస్తుంది. ఊరికి ఒక మెకానిక్‌కైనా దాని సంగతి తెలుసు. ఇనుప డీజిల్ ట్యాంకు మాత్రం వేరే గొడవ. అప్పటి తైవాన్ పడవల్లో ఇవి మామూలు. తుప్పుపడితే పీకి బయటికి తీయాలి, ట్యాంకు బిగించాక దాని చుట్టూ కట్టిన టేకు అల్మరా అడ్డమొస్తుంది.

నీటిగీత కింద ఉన్న కవాటాలు మాత్రం ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడాలి. సముద్రపు పనికి కంచువి కావాలి. మామూలు ఇళ్లలో వాడే ఇత్తడివి పెట్టి ఉంటే, ఉప్పునీరు వాటిలోని జింకును తినేసి రాగిలా గులాబీ రంగు తేలుస్తుంది. గోకితే ఆ రంగు కనపడిందంటే అది ఎప్పుడైనా చేతిలోకి ఊడొస్తుంది. పడవలు మునిగేది ఎక్కువగా తుపానుల్లో అనుకుంటాం. రేవులో కట్టేసినచోట, ఇలాంటి చిన్న గొట్టం తెగి మునిగేవి తక్కువేం కాదు.

కీల్‌ను బోల్టులతో బిగించిన పడవలైతే ఆ బోల్టుల సంగతి విడిగా చూడాలి. 2014 మేలో అట్లాంటిక్ మధ్య 'చీకీ రఫీకి' అనే పడవ కీల్ ఊడి నలుగురు పోయారు. అది అంతకుముందు కొన్నిసార్లు నేలకు తగిలిన పడవ. వెస్ట్‌సెయిల్‌కు, తయానాకు ఆ బాధ లేదు. వాటి బరువు ఫైబర్ లోపలే పోసి ఉంది. వాలియంట్‌కు బోల్టులే.

పడవ ఎక్కడ బతికిందో అడగడం చాలామంది మర్చిపోతారు. మనకు 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అమెరికావాళ్లకు జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్లు. తుపాను దెబ్బకు గట్టెక్కిన పడవల్ని ఇన్సూరెన్సువాళ్లు పూర్తి నష్టం కింద రాసేస్తే, ఎవరో చవగ్గా కొని, అతుకులేసి, రంగులేసి మళ్లీ అమ్ముతారు. హార్వీ వచ్చిన 2017లో, ఇయాన్ ఫ్లోరిడాను కొట్టిన 2022లో ఆ పడవ ఏ రేవులో ఉందని అడిగితే, జవాబుతో పాటు జవాబు చెప్పేటప్పుడు ఆగిన తీరు కూడా పనికొస్తుంది. ఉత్తరాన పెద్ద సరస్సుల మంచినీళ్లలో పెరిగిన పడవ దొరికితే అదృష్టం. ఏడాదిలో సగం గట్టు మీద ఉంటుంది, ఉప్పు తగలదు. ఫ్లోరిడా ఎండలో, ఉప్పులో మాగినదానికి, దీనికి ఒకే వయసు రాసినా ఒకే వయసు కాదు.

డబ్బు సంగతికొస్తే, మూడింటి ధరలూ హ్యూస్టన్‌లో ఒక మంచి కారు ధరకు అటూఇటూ. వాడు ఆ అంకెనే బడ్జెట్ అనుకున్నాడు. నేను దాన్ని రెట్టింపు చేసి రాసుకోమన్నాను. తీగలు, తెరచాపలు, లంగరు గొలుసు, బ్యాటరీలు, ప్రాణరక్షణ తెప్ప, వీటన్నిటి పైన ఇన్సూరెన్సు. అమ్మేవాడి ప్రకటనలో "అన్నీ ఉన్నాయి" అని ఉంటుంది. ఉంటాయి, పడవ వయసువే ఉంటాయి. పాత పడవ మీద గత యజమాని పెట్టిన ఖర్చులో నాలుగో వంతు కూడా అమ్మకంలో తిరిగిరాదు. అమ్మేవాడికి ఇది దుఃఖం. కొనేవాడు వెతకాల్సింది సరిగ్గా ఆ దుఃఖాన్నే. గత అయిదేళ్లలో బుద్ధిగా ఖర్చుపెట్టి, ఇప్పుడు ఆరోగ్యమో వయసో అడ్డొచ్చి అమ్ముకుంటున్న మనిషి పడవే అన్నిటికన్నా చవక. అందమైన పడవను తక్కువకు కొని తరవాత బాగుచేయిస్తాననేవాడి లెక్క నేను కొట్లో చాలా చూశాను. ఆ ఖాతాలు మూసినట్టు గుర్తులేదు.

సర్వేయర్ని కొనేవాడే వెతుక్కుని పెట్టుకోవాలి, బ్రోకరు సిఫారసు చేసినవాణ్ని కాదు. బ్రోకరు చెడ్డవాడని కాదు. అతనికి సాధారణంగా అమ్మకం ధరలో పది శాతం వస్తుంది, అమ్మకం ఆగితే ఏమీ రాదు. ఆ లెక్క తెలిసిన మనిషి సలహాకు ఎంత విలువివ్వాలో అంతే ఇవ్వాలి. సర్వే రోజు పడవను క్రేన్‌తో పైకెత్తాలి. కొనేవాడు పక్కనే ఉండాలి. రిపోర్టులో రాయని మాటలు సర్వేయరు నోటితో అంటాడు, అవే ముఖ్యం.

ఇంతా అయ్యాక వాడు మళ్లీ అడిగాడు, "ఏది కొనమంటావు?" అని. వాలియంట్ మంచి పడవ, చెడ్డ సంవత్సరం. 1981 తరవాతిది దొరికేదాకా ఓపికుంటే దానికే వెళ్లమనేవాణ్ని, మూడింట్లో మనసున్న పడవ అదే. తయానాకు సుత్తి పరీక్షలో ముందుభాగం ఎడమవైపంతా చచ్చు చప్పుడొచ్చింది. లోపలి ఉక్కు పట్టీలు నలభై ఏళ్లలో ఎవరూ విప్పిన దాఖలా లేదు. ధరలో ఆ డెక్కు ఖర్చు మొత్తం తగ్గిస్తేనే మాట్లాడాలి. అమ్మేవాడు సగం తగ్గిస్తానన్నాడు, అంటే మిగతా సగం మా వాడే భరించాలి. వెస్ట్‌సెయిల్ ఇరుకు, నిదానం, పక్కకు ఊగుతుంది. హ్యూస్టన్ పక్కనున్న గాల్వెస్టన్ అఖాతం లోతు తక్కువ గనక అయిదడుగుల నీరు చాలడం దానికున్న ఒక సుఖం. ఒకే యజమాని దగ్గర చాలా ఏళ్లుంది, ఆయన లేతు మెషీను పని చేసి రిటైరైన మనిషి. తీగలు మార్చాడు, ఇంజన్ విప్పి కట్టాడు, ప్రతిదానికీ తేదీతో బిల్లు ఉంది. టేకు డెక్కు లేదు, చెక్కడాలు లేవు, చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు. నా ఓటు దానికి, వెనక దూలం విప్పి చూశాకే.

మా వాడి భార్యతో కూడా మాట్లాడాను. "బాబాయ్ గారూ, అందులో నిలబడి చీర కట్టుకోలేను" అంది. న్యాయమైన అభ్యంతరమే, సర్వే రిపోర్టులో రాదు. సొమ్ము కట్టకముందు రెండు రాత్రులు ఆ పడవలోనే పడుకుని చూడండమ్మా, వంట కూడా అక్కడే చెయ్యండి అన్నాను. అమ్మేవాడు ఒప్పుకున్నాడు. వెనక దూలం బోల్టులు విప్పనిస్తేనే బయానా అని వీడు పెట్టిన షరతుకు మాత్రం ఇంకా జవాబు రాలేదు.